బెండు వాలిన దిక్కు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలూ, అక్కడే చదువుకుంటున్న యువకులూ రాసిన ఉత్తరాలు ఈ నెల ఎక్కువగా వచ్చాయి. దాదాపు అన్నీ స్టీల్‌హెడ్ అనే ఒకే చేపను గురించి అడిగినవే కనుక, కొర్రమీను, జెల్లల సంగతి వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి శీర్షిక మొత్తాన్నీ దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను నలభై ఏళ్లుగా కొమ్మమూరు కాలువ మీద వెదురు గడ, జీలుగు బెండు, ఎర్రలతో గాలం వేస్తున్నవాణ్ని. డిసెంబరులో సియాటిల్ దగ్గర ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఉండబోతున్నాను. మా అల్లుడు గారు స్టీల్‌హెడ్ కోసం పెట్టె నిండా రంగురంగుల ఎరలు కొని, ఇప్పటికి ఆరుసార్లు నదికి వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. వాటిలో ఏది మంచిదో చెప్పగలరా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఫలానాది మంచిదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, అలా చేస్తే అల్లుడు గారి ఏడో ప్రయాణం కూడా ఆరోదాని లాగానే ముగుస్తుందని నా భయం. ఎర ఏదన్నది మూడో ప్రశ్న. ఎర ఎంత లోతున పోతున్నదన్నది మొదటిది, ఎంత వడిగా పోతున్నదన్నది రెండోది. ఆ రెండూ కుదిరితే పెట్టెలో నుంచి కళ్లు మూసుకొని తీసినది కూడా చేప కంటపడుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన ఎరైనా చేప తలకు నాలుగడుగుల ఎత్తు నుంచి చల్లగా వెళ్లిపోతుంది.

ఇందుకు కారణం ఆ చేప బతుకులోనే ఉంది. స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు, రెయిన్‌బో ట్రౌట్‌లో సముద్రానికి వెళ్లి వచ్చే రకం. నీలగిరి, మున్నారు కొండల్లోని చల్లని వాగుల్లో ఆంగ్లేయుల కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ కూడా ఈ జాతిదే. నదిలో పుట్టి, ఒకటి నుంచి మూడేళ్లు అక్కడే పెరిగి, సముద్రానికి పోయి ఇంచుమించు అంతే కాలం మేసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదిలోకే ఎదురెక్కుతుంది. సముద్రంలో ఇలస అనిపించుకున్నది గోదావరిలోకి ఎక్కి పులస అయినట్టు, నదిలో ఉండిపోయిన దాన్ని ట్రౌట్ అనీ, సముద్రం చూసి వచ్చిన దాన్ని స్టీల్‌హెడ్ అనీ అంటారు. కొన్ని గుడ్లు పెట్టాక కూడా బతికి మళ్లీ సముద్రానికి వెళతాయి. ఒక్కొక్కటి సాధారణంగా 3 నుంచి 5 కిలోలు తూగుతుంది. 1970లో అలాస్కాలో దొరికినది 19 కిలోల పైమాటే, ఇప్పటికీ అలాస్కా రాష్ట్ర రికార్డు దానిదే.

ఇలా ఎదురెక్కిన చేప ఆకలితో తిరుగుతూ ఉండదు. సముద్రంలో పట్టిన కొవ్వు మీద బతుకుతూ, నది అడుగున పెద్ద రాళ్ల వెనకనో, వడినీళ్లూ నిదానపు నీళ్లూ కలిసేచోట గీత గీసినట్టు కనిపించే అంచు కిందనో, శ్రమ పడకుండా నిలబడుతుంది. ఎరను నోట పెట్టడానికి చిన్ననాడు అదే నదిలో పురుగులూ చేపగుడ్లూ తిన్న అలవాటు కొంత కారణమైతే, తన చోటికి వచ్చినదాన్ని తరిమే కోపం కొంత కారణమని అక్కడి పాతకాపులు చెబుతారు. నీళ్లు 4, 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే దాని ఒళ్లు మొద్దుబారి, ఎర కోసం రెండడుగులు కదలడానికి కూడా బద్ధకిస్తుంది. మన జెల్ల వాసన పట్టి ఎర దగ్గరికి వస్తుంది. ఇక్కడ ఎరే చేప ముక్కు దగ్గరికి వెళ్లాలి.

అందుకని బెండు కట్టే పద్ధతి మీకు కొంత కొత్తగా ఉంటుంది. మన జీలుగు బెండును దారానికి ఒకేచోట బిగిస్తాం కాబట్టి దాని కింద గడ పొడవుకు మించి దారం వదలలేం. అక్కడి మడుగులు 6 నుంచి 10 అడుగుల లోతు ఉండడం మామూలు కనుక జారుడు బెండు వాడతారు. దారం బెండు నడిమి రంధ్రంలో నుంచి స్వేచ్ఛగా జారుతుంది. పైన కావలసిన చోట చిన్న దారపు ముడి బిగించి, దానికీ బెండుకూ మధ్య ఒక పూస ఎక్కిస్తారు. విసరడానికి దారం చుట్టుకున్నప్పుడు ఆ ముడి రాడ్ రింగుల గుండా రీలులోకి పోతుంది, విసిరి నీళ్లలో పడ్డాక సీసం బరువుకు దారం దిగుతూ దిగుతూ ముడి పూసకు తగిలి ఆగుతుంది. బెండు కింద 10 గ్రాముల సీసం, దాని కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లంకె), ఆ కింద రెండడుగుల సన్నదారం, చివర మూడున్నర గ్రాముల జిగ్ (బరువైన తల ఉన్న కొక్కెం ఎర) కట్టారనుకోండి, మొత్తం పదమూడున్నర గ్రాములవుతుంది. దీనికి 14 గ్రాములు మోసే బెండు పెడితే రంగు తల మాత్రమే నీటిపైన నిలిచి, చేప నోరు మూయగానే ఇట్టే మునుగుతుంది. తేలిక సీసానికి పెద్ద బెండు కట్టి, అది పుల్లలాగా అడ్డంగా పడుకొని కొట్టుకుపోతుంటే నదిలో చేపలే లేవని తీర్మానించే కొత్తవారిని నేను చాలామందిని చూశాను.

రీలు మీద నీటిపై తేలే రకం అల్లిక దారం 30 పౌండ్ల లాగుడు తట్టుకునేది చాలు, సన్నదారం మాత్రం 10 పౌండ్లకు మించకూడదు. కొక్కెం రాళ్లలో ఇరుక్కున్నప్పుడు తెగేది ఆ సన్నదారమే కనుక బెండూ సీసమూ దక్కుతాయి. ఈ లెక్క తెలియని నా మొదటి చలికాలంలో పైనా కిందా ఒకే దారం కట్టి, ఒక్క ఉదయంలో నాలుగు బెండ్లు స్కైకోమిష్ నదికి సమర్పించుకొని ఇంటికి వచ్చాను.

లోతు కుదుర్చుకోవడం మీకు వెన్నతో పెట్టిన విద్యే. నడుస్తున్న మనిషి వడితో పారే, నిలువు లోతుండే చోటు చూసుకొని, ముడిని కొద్దిగా పైకి జరుపుతూ విసరండి. ప్రతి రెండు మూడు విసుర్లకు అరడుగు పెంచుకుంటూ పోతే ఒకచోట బెండు ఆగి ఆగి కదలడం మొదలవుతుంది. అంటే సీసమో ఎరో అడుగు రాళ్లను గీకుతున్నదన్నమాట. అక్కడి నుంచి ఒక అడుగు తగ్గించుకుంటే ఎర చేప కంటికి కాస్త పైన పోతుంది. చేపకు తలెత్తడం సులువు, తల దించడం దానికి నచ్చదు. చోటు మారినప్పుడల్లా ముడిని మార్చాలి. అల్లుడు గారు ఆరుసార్లలో ముడిని ఎన్నిసార్లు జరిపారో ఒకసారి అడిగి చూడండి.

ఇక పెట్టె తెరుద్దాం. పక్షి ఈకలతో కట్టిన జిగ్‌లు రెండు, లేత గులాబీ రంగుదొకటి, నలుపు ఊదా కలిసినదొకటి తీసి పక్కన పెట్టండి. అరచేయి పొడవు గులాబీ ప్లాస్టిక్ వానపాము ఒకటి తీయండి. మిగతావి ప్రస్తుతానికి పెట్టెలోనే ఉండనివ్వండి. మోకాలి లోతు నీటిలో నిలబడితే బూటు కొన ఆకుపచ్చగా మసకగా కనిపిస్తున్న రోజున గులాబీ జిగ్‌తో మొదలుపెట్టాలి. వానలు వెనకపట్టి నది తగ్గుతూ ఉండే ఆ రంగు కోసమే అక్కడివారు సెలవులు పెడతారు. నీళ్లు అద్దంలా తేరుకొని చేప బెదురుతున్నప్పుడు నలుపు ఊదా జిగ్‌ను ఇంకా చిన్నది, సన్నదారం ఇంకా పొడవుది కట్టాలి. నీళ్లు చిక్కగా ఉంటే పెద్దగా కనిపించే వానపాము మేలు. సహజమైన ఎరలు అనుమతించే చోట జిగ్ కొక్కేనికి గోరంత పచ్చిరొయ్య ముక్క గుచ్చడం అక్కడ మామూలే, కాబట్టి మన పద్ధతి పూర్తిగా వదులుకోవలసిన పని లేదు. నది పెరుగుతున్నదో తగ్గుతున్నదో ఇంట్లోనే తెలుస్తుంది: ప్రకాశం బ్యారేజీ ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లోలు మనం పేపర్లో చూసుకున్నట్టే, అమెరికా భూగర్భ సర్వే సంస్థ అక్కడి నదుల ప్రవాహాన్ని అవే క్యూసెక్కుల్లో ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. ఆ ప్రవాహపు గీత పైకి పోతున్న రోజున ఇంట్లో పడుకోవడం ఉత్తమం.

ప్రశ్న: బెండు మునిగినప్పుడల్లా రాడ్ ఎత్తితే రాయే తగులుతున్నది. ఎత్తకుండా ఊరుకున్నప్పుడు చేప పోయిందేమోనని బాధగా ఉంటుంది. రాయికీ చేపకూ తేడా ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ (ప్రస్తుతం పోర్ట్‌లండ్)

జవాబు: తేడా తెలుసుకోవాలని చూడకండి. బెండు ఎందుకు కదిలిందో అని ఆలోచించే లోపల చేప ఎరను ఉమ్మేస్తుంది కనుక, అనుమానం వచ్చిన ప్రతిసారీ వదులు దారాన్ని చుట్టేసి రాడ్‌ను గట్టిగా పైకెత్తడమే పద్ధతి. మీరు సరిచేసుకోవలసినది రాళ్లు అంత తరచుగా ఎందుకు తగులుతున్నాయన్నది, దానికి జవాబు బెండే చెబుతుంది.

నది పైపొర వడిగా పారుతుంది, అడుగు పొర రాళ్ల రాపిడికి నిదానిస్తుంది. బెండు పైపొరలో ఉన్నది, ఎర అడుగు పొరలో ఉన్నది. బెండు తల దిగువకు వాలి పోతున్నదంటే కింద ఎరో సీసమో అడుగుకు తగిలి దాని కాలు పట్టి వెనక్కి లాగుతున్నదని అర్థం, అప్పుడు ముడిని కిందికి జరిపి లోతు తగ్గించాలి. తల ఎగువకు, అంటే మీ వైపు వాలి ఉన్నదంటే మీ చేతిలోని దారం బెండును ఆపుతున్నదనీ, ఎర దానికంటే ముందు పోతున్నదనీ తెలుసుకోవాలి. ఇది కొద్దిగా ఉంటే మంచిదే, చేపకు సీసం కన్నా ముందు ఎర కనిపిస్తుంది. మరీ ఎక్కువైతే ఎర అడుగు వదిలి పైకి లేస్తుంది. నిటారుగా నిలబడి, పక్కనున్న నురగ బుడగల కంటే ఒక పిసరు నెమ్మదిగా పోతున్న బెండు ఎరను సరిగా తీసుకుపోతున్నట్టు లెక్క.

బెండును ఇలా నడిపించకుండా పాడుచేసేది సాధారణంగా దారమే. మీకూ బెండుకూ మధ్య వడినీళ్లుంటే అవి దారాన్ని విల్లులాగా వంచి దిగువకు లాగుతాయి, బెండు కూడా దాని వెంట పరుగెడుతుంది. రాడ్ కొనను ఎత్తి, నీటి మీది దారాన్ని బెండును కదిలించకుండా ఎగువ వైపు తిప్పి వేయడాన్నే మెండింగ్ అంటారు. దీన్ని పోర్ట్‌లండ్ చలిలోనే నేర్చుకోవాలని లేదు. పోయిన ఆగస్టులో బందరు కాలువకు నీళ్లు నిండుగా వదిలినప్పుడు మా మేనల్లుణ్ని గట్టు మీద నిలబెట్టి, కొక్కెం లేకుండా బెండూ సీసమూ మాత్రమే కట్టి ఇచ్చాను. మొదటి అరగంట అతడు దారం ఎత్తినప్పుడల్లా బెండు అడుగున్నర పక్కకు ఎగిరిపడింది. భుజంతో కాకుండా మణికట్టుతో, అదీ బెండు నీటిలో పడిన వెంటనే దారం ఇంకా వంపు తిరగకముందే తిప్పమన్నాను. మధ్యాహ్నానికల్లా దారం పాములా ఎగువకు తిరిగి పడుతుంటే బెండు తల కూడా వణకలేదు. గట్టున పోయేవారు ఆగి ఏం చేపలండీ అని అడుగుతుంటే మాత్రం అతనికి కొంత తలవంపుగా ఉండింది.

మీరు ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఏలూరు కాలువ మీద ఆ పని చేయండి. ఒడ్డు నుంచి ముప్ఫై అడుగుల దూరానికి మించి విసరవద్దు. దగ్గరి నీళ్లను సరిగా వెతకకుండా అవతలి గట్టుకు విసరడం అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బే.

ప్రశ్న: బెండు చూస్తూ నిలబడే ఓపిక నాకు లేదు. స్పిన్నరో స్పూనో విసిరి లాగితే స్టీల్‌హెడ్ పడదా?
— ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: పడుతుంది, కొన్ని రోజుల్లో బెండు కంటే బాగా పడుతుంది. నీళ్లు 7, 8 డిగ్రీలు దాటి చేప చురుగ్గా ఉన్నప్పుడూ, మే నుంచి అక్టోబరు దాకా నదిలోకి ఎక్కే వేసవి రకం కోసం వెళ్లినప్పుడూ అది కదిలి వచ్చి కొడుతుంది. ఆ దెబ్బ మోచేతి దాకా తెలుస్తుంది. అయితే కొర్రమీనుకు కప్పబొమ్మను లాగినట్టు లాగితే పని జరగదు. స్పూన్‌ను, అంటే చెంచాలా వంపు తిరిగిన లోహపు ఎరను, నదికి అడ్డంగా, కొద్దిగా ఎగువకు విసిరి, అడుగుకు దిగనిచ్చి, ఆ తరువాత దాదాపు చుట్టకుండానే ప్రవాహం దాన్ని అర్ధచంద్రాకారంలో మీ ఒడ్డు వైపు తిప్పుకు వచ్చేలా దారం బిగువుగా పట్టుకోవాలి. అది నిదానంగా తడబడుతూ కొట్టుకోవడం చేతికి తెలుస్తూ ఉండాలి, గిరగిరా తిరుగుతున్నదంటే మీరు తొందరపడుతున్నట్టు. స్పిన్నర్ అయితే దాని రేకు తిరగడానికి కావలసినంత వడే చాలు. 11 నుంచి 14 గ్రాముల బరువులు మధ్యరకం నదులకు సరిపోతాయి. ఎండ ఉన్న తేట నీటికి రాగి లేదా నల్ల రంగు, మసక నీటికి వెండి రంగు, ఇంకా మసకైతే నారింజ పూత ఉన్నది తీసుకోండి.

జనవరి మంచులో మాత్రం ఓపిక తెచ్చుకొని బెండు పట్టుకోవలసిందే.

ప్రశ్న: క్లీవ్‌లండ్‌లో చదువుతున్నాను. ఇక్కడివారు ఎర లేకుండా కొక్కేనికి పైన వట్టి ప్లాస్టిక్ పూస కట్టి చేపలు పడుతున్నారు. పూసను చూసి చేప ఎందుకు మోసపోతుంది?
— ఒక విద్యార్థి, స్వస్థలం తెనాలి

జవాబు: ఆ పూస నీటిలో కొట్టుకుపోయే చేపగుడ్డుకు నకలు. ఈరీ సరస్సులో కలిసే రాకీ, షాగ్రిన్, గ్రాండ్ నదుల స్టీల్‌హెడ్ సముద్రం చూడనిది. పసిఫిక్ తీరపు జాతిని తెచ్చి పెంచి వదులుతుంటే, అది సరస్సునే సముద్రమనుకొని పెరిగి శరత్కాలం నుంచి వసంతం దాకా నదుల్లోకి ఎక్కుతుంది. గుడ్లు తినడం మాత్రం మరిచిపోలేదు. తేట నీటికి 8 మిల్లీమీటర్ల పూస, మసక నీటికి 10 లేదా 12 సరిపోతుంది. కొత్త గుడ్డు నారింజ రంగులో మెరుస్తుంది, పాతది పాలిపోయి తెల్లబడుతుంది కనుక, పాలిపోయిన పీచు రంగు పూసలు కూడా కొన్ని ఉంచుకోండి. పూసను కొక్కేనికి రెండంగుళాల పైన ఉంచి, దాని రంధ్రంలో పళ్లు కుట్టుకునే పుల్ల కొన గుచ్చి విరిచేస్తే జారకుండా నిలుస్తుంది. ఆ రెండంగుళాల దూరం వల్ల కొక్కెం గొంతులోకి పోకుండా దవడ అంచున గుచ్చుకుంటుంది. అంతకంటే దూరం పెడితే చేప ఒంటికి పక్కనుంచి గుచ్చుకుంటుంది, అది చేపకూ అన్యాయం, చాలా చోట్ల చట్టానికీ విరుద్ధం. మీ నదుల అడుగు పలకరాయి పరిచినట్టు చదునుగా ఉంటుంది కాబట్టి సియాటిల్ వారికంటే తేలిక సీసం, చిన్న బెండు వాడవచ్చు.

ప్రశ్న: సియాటిల్‌లో మా అబ్బాయి పెద్ద చేపను పట్టి, ఒడ్డుకైనా తేకుండా నీటిలోనే వదిలేశాడట. అడిగితే చట్టమంటాడు. అంత చలిలో నిలబడి పట్టింది వదిలేయడానికేనా?
— ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి సరిగానే చేశాడమ్మా. సియాటిల్ పరిసరాల నదులు కలిసే ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో అంతరించే ప్రమాదమున్న చేపల జాబితాలో చేర్చారు. నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను వాషింగ్టన్ రాష్ట్రంలో వదిలిపెట్టాలి. హేచరీలో పెంచి వదిలిన దాన్ని, అనుమతి ఉన్నచోట, ఇంటికి తెచ్చుకోవచ్చు. గుర్తు వీపు మీదే ఉంటుంది: పెద్ద రెక్కకూ తోకకూ మధ్య గోరంత కండ రెక్క ఒకటి ఉంటుంది, హేచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. రెక్క లేనిచోట మానిన మచ్చ కనిపిస్తే పులుసు పెట్టుకోవచ్చు, రెక్క ఉంటే నీటిలో ఉండగానే కొక్కెం తీసి పంపాలి. అందుకే చాలా నదుల్లో ముల్లు లేని కొక్కేలు మాత్రమే వాడమంటారు.

బ్రాడీపేట పాఠకుడికి కూడా ఇక్కడే ఒక మాట. మీరు డిసెంబరులో కొనే వాషింగ్టన్ వార్షిక లైసెన్సు మార్చి 31తో ముగుస్తుంది, ఏప్రిల్‌లో గాలం వేయాలంటే కొత్తది కావాలి. ఏ నది ఎప్పటి దాకా తెరిచి ఉంటుందన్నది సీజను మధ్యలో కూడా మారుతూ ఉంటుంది కనుక, బయలుదేరే రోజు ఉదయం చూసుకోవడం అవసరం.

ప్రశ్న: పోయిన జనవరిలో మిషిగన్‌లో మా అన్నయ్యతో వెళ్లాను. గంట గడిచేసరికి దారం రింగుల్లో బిగుసుకుపోయి విసరడమే కుదరలేదు. రాడ్ నాసిరకమా?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రాడ్ మంచిదే, రింగుల్లో మంచు పట్టింది. తడి దారం వెనక్కి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క బొట్టు రింగులో మిగిలి గడ్డకడుతుంది, చివరి చిన్న రింగు అన్నిటికంటే ముందు మూసుకుపోతుంది, జారుడు బెండు ముడి అక్కడే చిక్కుకుంటుంది. వేలితో గిల్లి తీయబోతే రింగులోని పింగాణీ పూత పగులుతుంది. రాడ్ కొనను నదిలో ముంచి పది లెక్కపెట్టండి. గాలి కంటే నది వెచ్చన కాబట్టి మంచు కరిగిపోతుంది. తీసి ఒకసారి విదిలించి, వెంటనే విసరండి. ఆ ఉదయమంతా పావుగంటకు ఒకసారి ఇదే పని.